ఉద్దానం పరిశోధన ఊరికి చేరాలంటే...

పరిశోధకుడు చేతి డబ్బు పెట్టకుండానే ప్రచురించే దారులున్నాయి

భావనపాడు: ఇక్కడి రేవు నుంచి వేటకు బయలుదేరే మత్స్యకారునికి చేపల గుంపు ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున ఉండవచ్చునో తెలిపే సమాచారం పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే అందుతోంది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాల సహాయంతో సముద్రపు నీటి వేడిమిని, రంగును పరిశీలించి ఈ సూచనలను తయారు చేసేది ఆ సంస్థే. ప్రజల సొమ్ముతో సాగిన పరిశోధన ప్రజలకు ఉచితంగా చేరాలన్న న్యాయం ఇందులో ఉంది.

అయితే అన్ని పరిశోధనల సంగతీ ఇలా లేదు. భావనపాడుకు ఉత్తరాన, పక్కనున్న వజ్రపుకొత్తూరు మండలం మొదలుకొని ఇచ్ఛాపురం వరకు గల ఉద్దానం ఏడు మండలాలను కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తున్నది. జబ్బుకు మూలకారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. డాక్టర్లు, విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఎన్నోమార్లు వచ్చారు. జనం చేతులు చాచి రక్తం ఇచ్చారు. బావుల నీళ్లు, పొలాల మట్టి సీసాల్లో, సంచుల్లో పట్టణాలకు చేరాయి. పరిశోధనా పత్రాలు విదేశీ పత్రికల్లో అచ్చయ్యాయి. వాటిలో కొన్ని అందరూ చదువుకోగలిగేవి కాగా, మరికొన్ని డబ్బు చెల్లించినవారికే కనిపించేవి.

రక్తం ఇచ్చినవాడు ఫలితం చదవాలంటే డబ్బు కట్టవలసిన పరిస్థితి ఎందుకొచ్చింది? పత్రాన్ని అందరికీ ఉచితంగా ఉంచాలంటే రాసినవాడు లక్షలు పోయవలసిందేనా? జిల్లా ప్రజలు తెలుసుకోదగిన ప్రశ్నలివి.

పిక్కలిచ్చి పప్పు కొన్నట్టు

పలాస ప్రాంతపు రైతుకు ఈ వ్యవహారం జీడిపిక్కల లెక్కలో చెబితే సులువుగా బోధపడుతుంది. తోట రైతుది, కష్టం రైతుది. పిక్కలను మిల్లుకు ఊరికే ఇచ్చేసి, అదే పప్పును ధర చెల్లించి కొనుక్కోమంటే ఏ రైతూ ఒప్పుకోడు. విజ్ఞాన పత్రికల వ్యాపారం మాత్రం చాలాకాలంగా ఇంచుమించు ఈ తీరునే సాగుతోంది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పరిశోధకునికి జీతమిచ్చేది ప్రభుత్వం. పరికరాలకు, ప్రయాణాలకు గ్రాంటు ఇచ్చేదీ చాలావరకు ప్రభుత్వమే. అతడు రాసి పంపిన పత్రంలోని తప్పొప్పులను పరిశీలించే తోటి శాస్త్రజ్ఞులు సాధారణంగా ప్రతిఫలం తీసుకోరు. పత్రం అచ్చయ్యేముందు దానిపై హక్కులను ప్రచురణ సంస్థకు రాసి ఇవ్వడం ఆనవాయితీ. అచ్చయిన తర్వాత, పరిశోధకుడు పనిచేసే విశ్వవిద్యాలయమే ఆ పత్రికకు చందా కట్టి తెప్పించుకోవాలి. చందా లేనివారు ఒక్కొక్క పత్రానికి ముప్పై, నలభై డాలర్ల చొప్పున, అంటే రెండున్నర వేల రూపాయల పైచిలుకు, చెల్లించవలసి ఉంటుంది. ఉద్దానంలో కూలి చేసుకునేవారి మాట అటుంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకైనా ఇది భారమే.

లైబీరియా నేర్పిన పాఠం

పత్రం చేతికందకపోతే ఏమవుతుందో పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దేశం చవిచూసింది. 2014, 2015 సంవత్సరాలలో అక్కడ ఎబోలా మహమ్మారి 4,800 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ జబ్బు అంతకుముందు తమ దేశంలో లేదనే అక్కడి అధికారులు అనుకున్నారు. కాని, లైబీరియా ప్రజల రక్త నమూనాలలో ఎబోలా ఆనవాళ్లు కనిపించాయని, ఆ దేశాన్ని కూడా ఎబోలా ప్రాంతాల జాబితాలో చేర్చాలని యూరపు పరిశోధకులు 1982లోనే ఒక విజ్ఞాన పత్రికలో రాశారు. 

ఈ సంగతిని లైబీరియా ప్రధాన వైద్యాధికారి బెర్నిస్ డాన్, మరి ఇద్దరితో కలిసి 2015 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ద్వారా లోకానికి వెల్లడించారు. అలాంటి పాత పత్రం ఒక్కటి కొనుక్కోవాలంటే 45 డాలర్లు, లైబీరియా డాక్టరుకు దాదాపు సగం వారం జీతం, అవుతుందని వారు పేర్కొన్నారు. ఆ పత్రాలు రాసినవారిలో లైబీరియా వాసి ఒక్కరైనా లేరన్న విషయాన్నీ ఎత్తిచూపారు. నమూనాలు ఇచ్చిన దేశానికి హెచ్చరిక చేరలేదు. ఉద్దానం వంటి ప్రాంతాలు మరువరాని ఉదంతమిది.

2002 ఫిబ్రవరిలోనే వెలువడిన బుడాపెస్టు ప్రకటన ఒక కొత్త పద్ధతిని ముందుకు తెచ్చింది. శాస్త్ర పరిశోధనా పత్రాలను ఎవరైనా, ఎక్కడినుంచైనా ఉచితంగా చదువుకొని వాడుకునే వీలుండాలన్నదే దాని సారాంశం. దీనినే ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. తలుపు తాళం లేని గ్రంథాలయం వంటిది ఇది. 1914లోనే గ్రంథాలయ సంఘం ఏర్పరచుకొని, 1935లో పడవపై పుస్తకాలు పెట్టి కాలువ గట్ల ఊళ్లకు పంపిన తెలుగువారికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

భారం భుజం మారింది

తలుపు తెరిచారు సరే, పత్రికల ఖర్చు ఎవరు భరించాలి? అనేక ప్రచురణ సంస్థలు ఇక్కడొక మెలిక పెట్టాయి. చదివేవారి దగ్గర చందా మానివేసి, రాసేవారి దగ్గర రుసుము వసూలు చేయసాగాయి. పేరున్న అంతర్జాతీయ పత్రికలలో ఇది రెండు వేల డాలర్లు ఉండటం సాధారణమైపోయింది. అంటే లక్షన్నర రూపాయలకు పైమాటే. సుప్రసిద్ధమైన 'నేచర్' పత్రిక 2021 జనవరి నుంచి 9,500 యూరోలు నిర్ణయించింది. అప్పటి లెక్కన అది ఎనిమిది లక్షల రూపాయల పైచిలుకు.

యూజీసీ జూనియర్ ఫెలోషిప్ పొందే పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుంచి పెంచిన భత్యం నెలకు 37,000 రూపాయలు. రెండు వేల డాలర్ల రుసుము కట్టాలంటే అతని నాలుగు నెలల భత్యం చాలదు. ఆ ఫెలోషిప్ కూడా లేనివారి గతి చెప్పనక్కరలేదు. పేద దేశాల వారికి పలు సంస్థలు రుసుము మాఫీ చేస్తున్నప్పటికీ, ఆర్థికంగా పెద్ద దేశమన్న కారణంతో ఆ జాబితాలలో భారతదేశానికి సాధారణంగా చోటు దక్కడం లేదు. ఫలితంగా పేద పరిశోధకుడు రెండు దారుల మధ్య చిక్కుకుంటున్నాడు. అప్పో సప్పో చేసి రుసుము కట్టడం ఒకటి, ఖర్చులేదని పత్రాన్ని తాళం వేసిన పత్రికకు అప్పగించడం రెండవది.

నిజానికి ఈ రెండూ కాక వేరే దారులున్నాయి. అవి తెలియక చాలామంది నష్టపోతున్నారు.

దారులు నాలుగు

మొదటిది, పత్రం ఎక్కడ అచ్చయినా రచయిత తన ప్రతిని విశ్వవిద్యాలయపు ఉచిత భాండారంలో ఉంచడం. తోటివారు పరిశీలించి ఆమోదించిన తర్వాత, పత్రిక తన హంగులతో అచ్చు కూర్చకముందు, రచయిత చేతిలో ఒక తుది ప్రతి ఉంటుంది. ఎక్కువ పత్రికలు ఈ ప్రతిని వెంటనేగాని, ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు గడువు ముగిశాకగాని భాండారంలో పెట్టుకోనిస్తాయి. ఏ పత్రిక నియమం ఏమిటో గతంలో 'షెర్పా రోమియో' అని పిలిచిన ఉచిత సూచికలో చూసుకోవచ్చు. దీనికి రుసుము లేదు. కావలసిందల్లా ఆ ప్రతిని పారవేయకుండా భద్రపరచుకోవడం, హక్కుల కాగితం మీద సంతకం పెట్టేముందు చదవడం.

ఇందుకు ఉదాహరణలు దూరాన లేవు. ఒడిశాలోని రూర్కెలా జాతీయ సాంకేతిక విద్యాసంస్థ 2006లోనే తన అధ్యాపకుల పత్రాలను ఇలా ఉంచాలని నియమం పెట్టింది. వేరుశనగ, కంది, జొన్న పంటలపై పరిశోధించే పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ 2009లో అదే బాట పట్టింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, జీవసాంకేతిక శాఖ తమ గ్రాంటుతో వెలువడిన పత్రాలను ఉచిత భాండారంలో ఉంచవలసిందేనని 2014 డిసెంబరులో విధానం ప్రకటించాయి. కనుక ఆ శాఖల సొమ్ము తీసుకున్నవారికి ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు, నెరవేర్చవలసిన షరతు.

రెండవది, చదివేవారి దగ్గరా, రాసేవారి దగ్గరా ఏమీ తీసుకోని పత్రికను ఎంచుకోవడం. విద్వత్ సంఘాలు, ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు తమ ఖర్చుతో ఇలాంటి పత్రికలను నడుపుతున్నాయి. వైద్యరంగంలో నీతి నియమాలను చర్చించే 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్' ఈ కోవకు చెందినదే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం 2003లో ప్రారంభించిన 'డోజ్' అనే జాబితాలో నేడు ఇరవై వేలకు పైగా ఉచిత పత్రికలున్నాయి. వాటిలో సగానికి పైగా రాసేవారి నుంచి రుసుము అడగనివే. ఉచితంగా చదవగలిగే పత్రికలన్నీ రాసేవాడిని పిండుతాయనుకోవడం పొరపాటని దీనినిబట్టి తెలుస్తోంది.

మూడవది, గ్రాంటుకు దరఖాస్తు పెట్టేటప్పుడే ప్రచురణ ఖర్చును అంచనాలో చూపడం. ఇల్లు కట్టేవాడు సున్నం ఖర్చు మరచి, గోడలు లేచాక వెతుక్కున్నట్టు, పలువురు పరిశోధకులు పత్రం ఆమోదం పొందాక రుసుముకు తడుముకుంటారు. మందులకు, పరీక్షలకు పద్దు రాసినట్టే ప్రచురణకూ ఒక పద్దు రాస్తే, గ్రాంటు నియమాలు అనుమతించిన మేరకు ఆ సొమ్ము వ్యక్తి జేబునుంచి పోదు. ఇతర సంస్థలతో కలిసి చేసిన పరిశోధనలో అయితే, ప్రచురణకర్తతో ఒప్పందం ఉన్న సంస్థకు చెందిన సహరచయితను పత్రానికి బాధ్యునిగా చూపే అవకాశాన్ని ముందే మాట్లాడుకోవచ్చు. అయితే అతడు నిజంగా ఆ బాధ్యత వహించినవాడై ఉండాలి.

నాలుగవది, మాఫీ అడగడం. జాబితాలో భారతదేశం లేకపోయినా, గ్రాంటు లేని రచయిత తన పరిస్థితిని రాస్తే విడిగా పరిశీలించే పత్రికలు ఉన్నాయి. అయితే పత్రం పంపే ముందుగాని, పంపేటప్పుడుగాని అడగాలి. ఆమోదం వచ్చాక అడిగితే చాలాచోట్ల చెల్లదు. అడిగినంత మాత్రాన చులకన ఏమీ లేదు.

పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల సంగతి మరింత సులభం. వాటిని యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే 'శోధ్‌గంగ'లో ఉంచుతున్నారు. లక్షల గ్రంథాలు అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల గ్రంథాలకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి 'కృషికోశ్' ఉంది. నైర వ్యవసాయ కళాశాల వంటి చోట్ల సాగే పరిశోధన రైతుకు చేరడానికి ఇదొక ద్వారం.

ఒకే దేశం, ఒకే చందా

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న 'ఒకే దేశం ఒకే చందా' అనే పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందుబాటులోకి వచ్చేలా దీనిని రూపొందించారు. ఎంపిక చేసిన మంచి ఓపెన్ యాక్సెస్ పత్రికల్లో ప్రచురణకు రచయితలకు ఆర్థిక సహాయం అందించే ఏర్పాటు కూడా ఈ పథకంలో భాగమే. ప్రభుత్వ విశ్వవిద్యాలయ పరిశోధకులు రుసుము సొంతంగా కట్టేముందు తమ గ్రంథాలయాధికారిని కలిసి ఈ సహాయం సంగతి విచారించడం మంచిది.

పథకం మేలైనదే అయినా దాని హద్దును గుర్తించాలి. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థల అధ్యాపకులు, విద్యార్థుల కోసం ఉద్దేశించినదిది. భావనపాడులోని ఉపాధ్యాయుడు, సోంపేటలో సొంత ఆసుపత్రి నడిపే డాక్టరు, కవిటి పంచాయతీ సభ్యుడు దీని పరిధిలోకి రారు. ప్రభుత్వం కట్టిన చందాతో ప్రొఫెసర్లకు తలుపు తెరుచుకున్నా, ప్రజలకు తాళం అలాగే ఉంటుంది. కాబట్టి పత్రాన్ని ఉచిత భాండారంలో ఉంచవలసిన అవసరం ఈ పథకం వల్ల తీరిపోలేదు.

నకిలీల వల

డబ్బు కట్టి అచ్చు వేయించుకునే పద్ధతి రాగానే నకిలీలూ బయలుదేరాయి. పత్రం పంపిన నాలుగు రోజులకే 'ఆమోదించాం, రుసుము పంపండి' అని జాబు వస్తుంది. పరిశీలన పేరుకే. పిహెచ్.డి. గ్రంథం సమర్పించేముందు పత్రం అచ్చయి తీరాలన్న నియమం ఉన్న రోజుల్లో ఈ వలలో పడిన విద్యార్థులు ఎందరో. ఆ నియమాన్ని యూజీసీ 2022లో తొలగించింది. అయినా ఉద్యోగాలు, ప్రమోషన్ల ఒత్తిడి పోలేదు.

హైదరాబాదు కేంద్రంగా గల ఓమిక్స్ ప్రచురణ సంస్థపై అమెరికా వాణిజ్య కమిషన్ 2016లో దావా వేసింది. పరిశీలన విషయంలోనూ, రుసుముల విషయంలోనూ రచయితలను మోసగించిందని తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పునిచ్చింది. మంచి పత్రికలను గుర్తించేందుకు యూజీసీ నడిపిన 'కేర్' జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. ఇకపై మంచి చెడ్డలు తేల్చుకునే బాధ్యత విశ్వవిద్యాలయాలదే. పరుగున ఆమోదించే పత్రికను, ముందుగా రుసుము ఎంతో చెప్పని పత్రికను, సంపాదకుల ఊరూ పేరూ సరిగా లేని పత్రికను దూరంగా ఉంచడం క్షేమం. నకిలీ పత్రికలో పడిన పత్రం ఉచితంగా కనిపించినా, దానిని నమ్మేవారుండరు. ఇచ్చిన రక్తం వృథా అయినట్టే.

ఉద్దానంలో మంచి ఉదాహరణలు

తలుపు తెరిచిన పరిశోధనలు ఉద్దానం విషయంలోనే ఉన్నాయి. డాక్టర్ టాటపూడి రవిరాజు బృందం పరిశోధన 2019లో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞుల పరిశోధన 2020లో 'కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్' అనే ఓపెన్ యాక్సెస్ పత్రికలో వెలువడ్డాయి. ఈ ప్రాంతపు పెద్దవారిలో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి కిడ్నీ జబ్బు లక్షణాలున్నట్టు రెండూ తేల్చాయి. సెల్ ఫోను ఉన్న ఏ ఇంటర్ విద్యార్థి అయినా వాటిని నేడు తెరిచి చూడవచ్చు. 

పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఈ కేంద్రంలో జరిగే ప్రతి పరిశోధనకూ ఉచిత ప్రచురణే నియమం కావాలి. నీటి మార్పు తర్వాత జబ్బు తగ్గిందా, లేదా అన్నది తేలవలసిన ముఖ్యమైన ప్రశ్న. దాని జవాబు తాళం వేసిన పత్రికలో దాగితే జిల్లాకు జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

భాష అనే రెండో తాళం

ధర అనే తాళం తీసినా, ఇంగ్లీషు అనే తాళం మిగులుతుంది. పై రెండు పత్రాలూ ఇంగ్లీషులోనివే. జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. పత్రం వెలువడిన తర్వాత ఒక్క పేజీ తెలుగు సారాంశం రాసి పంచాయతీ కార్యాలయంలో, ఆరోగ్య కేంద్రంలో అంటించడానికి విదేశీ ప్రచురణకర్త అనుమతి అక్కరలేదు, రుసుమూ లేదు. తన పరిశోధన సారాన్ని రచయిత తన మాటల్లో చెప్పడాన్ని ఏ హక్కుల కాగితమూ ఆపదు.

గ్రామస్తులు అడగవలసినది

పరిశోధకుని కష్టాన్ని గుర్తిస్తూనే గ్రామస్తులు తమ వంతు పని చేయాలి. పరిశోధనలో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సమ్మతి పత్రం ముందు పెట్టినప్పుడే మూడు ప్రశ్నలు వేయవచ్చు. ఈ పరిశోధన ఎవరి సొమ్ముతో జరుగుతోంది? పత్రం డబ్బు కట్టకుండా చదవడానికి ఎక్కడ దొరుకుతుంది? తెలుగు సారాంశం ఊరికి ఎప్పుడు అందుతుంది? ఈ మూడింటికీ జవాబు రాసి ఇవ్వమని గ్రామ పెద్దలు కోరడంలో తప్పేమీ లేదు. నిజాయితీగా పనిచేసే పరిశోధకుడు సంతోషంగా ఇస్తాడు.

విశ్వవిద్యాలయాలు చేయవలసినదీ ఉంది. పత్రాలను భద్రపరిచే భాండారం ఏర్పాటుకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్నడో వచ్చింది. దానిని చూసుకునే ఒక గ్రంథాలయాధికారి, కొత్తగా చేరిన ప్రతి పరిశోధకునికి ఈ నాలుగు దారులూ చెప్పే ఒక పూట తరగతి, ప్రమోషన్ల సమయంలో భాండారంలో ఉంచిన పత్రాలనే లెక్కలోకి తీసుకునే నియమం ఉంటే చాలు. పరిశోధకుని జేబు నుంచి రూపాయి పోనక్కరలేదు. తమ రక్తంతో, తమ బావి నీళ్లతో తేల్చిన సంగతి తెలుసుకోవడానికి ఉద్దానం కుటుంబం రూపాయి కట్టనూ అక్కరలేదు. పాలకులు, పరిశోధకులు తలచుకుంటే ఈ విద్యా సంవత్సరంలోనే జరిగే పని ఇది.